చిన్న గూడెం జనాభా, రాకపోకల వివరాలు: ఏ అంకె రాయాలి, ఏ దూరం చెప్పాలి?

కొండవాగు

సభ్యులందరికీ నమస్కారం. మాది అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో కొండ మీద ఉన్న చిన్న గూడెం. ముప్పై పైచిలుకు గడపలు, జనం నూట యాభైకి అటూ ఇటూ ఉంటారు. మా ఊరి వివరాలన్నీ ఒకచోట రాసిపెట్టి, రోడ్డు కోసం ఇవ్వబోయే అర్జీకి జతచేయాలని ఊళ్ళో చదువుకున్న కొద్దిమందిమి కలిసి నిర్ణయించుకున్నాము. రాయడం మొదలుపెట్టగానే రెండు చోట్ల ఆగిపోవలసి వచ్చింది.

మొదటిది జనాభా. 2011 జనగణన జాబితాలో మా ఊరి పేరు ఎదురుగా ఉన్న అంకెకూ, అంగన్‌వాడీ రిజిస్టరులోని అంకెకూ, పంచాయతీ కార్యాలయంలో చెప్పే అంకెకూ పొంతన లేదు. రెండవది రాకపోకలు. జనగణన వారి గ్రామ సౌకర్యాల పట్టికలో మా ఊరికి బస్సు 5 నుంచి 10 కిలోమీటర్ల లోపు ఉందనీ, రైల్వే స్టేషను కూడా అంతే దూరమనీ రాసి ఉంది. కొత్తవలస–కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం మోసుకుపోయే గూడ్సు బండ్లు సొరంగంలోంచి బయటికి రావడం మా చేలలో నిలబడితే కనిపిస్తుంది కాబట్టి ఆ దూరం కాగితం మీద సరిపోవచ్చు. అయితే ఆ స్టేషను చేరాలంటే వాగు దాటి, ఎదుటి కొండ ఎక్కి, మళ్ళీ దిగాలి. నెత్తిన పసుపు మూట ఉన్నవారికి ఒక పూట పడుతుంది, వాగు పొంగితే ఆ దారీ ఉండదు. ఆరు కిలోమీటర్లని రాస్తే అర్జీ చదివే అధికారికి మా పరిస్థితి ఎలా తెలుస్తుంది? ఈ విషయాలు తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.

విశ్రాంత గణకుడు

నమస్కారం బాబూ. నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమించాను. 2001లోనూ 2011లోనూ గణకుడిగా ఇంటింటికీ తిరిగినవాణ్ణి కనుక మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను.

మీకు కనిపించిన మూడు అంకెలూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు, కాబట్టి వాటిలో ఒకటి ఒప్పు, మిగతావి తప్పు అనుకోవలసిన పనిలేదు. జనగణనకు కొలమానం రెవెన్యూ గ్రామం, అంటే రెవెన్యూ రికార్డుల్లో నిర్దిష్టమైన హద్దులు ఉన్న ప్రదేశం. ఆ హద్దుల లోపల ఒక్క ఊరే ఉండవచ్చు, నాలుగు గూడేలు ఉండవచ్చు, అసలు ఎవరూ లేకపోనూ వచ్చు. దేశం మొత్తం మీద 2011 లెక్కలో సుమారు 6.4 లక్షల గ్రామాలుంటే వాటిలో 40 వేలకు పైగా జనం లేనివే. రెవెన్యూ భాషలో బేచిరాకు గ్రామాలంటారు. అంగన్‌వాడీ రిజిస్టరు ఆ కేంద్రం పరిధిలోని ఇళ్ళను మాత్రమే చూస్తుంది. పంచాయతీ అంకె అనేక ఊళ్ళను కలిపి చెప్పేది.

విశాఖ మన్యానికి ఇక్కడ ఒక ప్రత్యేకత ఉంది. కోస్తా మైదానంలో ఒక రెవెన్యూ గ్రామమంటే కొన్ని వేల జనం ఉంటారు, శివారు పల్లెలన్నీ దాని కిందనే లెక్కకు వస్తాయి. మీ అనంతగిరి మండలంలో మాత్రం రెవెన్యూ గ్రామాలే వందల్లో ఉన్నాయి, చాలావాటిలో జనం కొన్ని పదుల్లోనే ఉంటారు. అందువల్ల మైదానపు శివారు పల్లెకు జాబితాలో పేరే ఉండదు. మీ గూడేనికి పేరు ఉంటుంది గానీ, ఆ పేరు ఎదుట ఏ పథకానికీ చాలని చిన్న అంకె ఉంటుంది. మీ జనం ఇటీవల పక్క కొండవాలుకు ఇళ్ళు మార్చుకుని ఉంటే, ఆ ఇళ్ళు మరో రెవెన్యూ గ్రామం హద్దులోకి వెళ్ళి అక్కడ లెక్కకు వచ్చి ఉండవచ్చు. ముందుగా తహసీల్దారు కార్యాలయంలోని గ్రామ పటంలో మీ ఇళ్ళు ఏ హద్దులో ఉన్నాయో చూసుకోండి.

ఇక దూరాల సంగతి. గ్రామ సౌకర్యాల పట్టికలో ఒక సౌకర్యం ఊళ్ళో ఉంటే ఉందని రాస్తారు. లేకపోతే 5 కిలోమీటర్ల లోపు, 5 నుంచి 10 లోపు, 10కి పైన అనే మూడు వర్గాల్లో ఒకటి గుర్తిస్తారు. ప్రభుత్వ బస్సు, ప్రైవేటు బస్సు, రైల్వే స్టేషను, ఆటో, ట్రాక్టరు, జాతీయ రహదారి, పక్కా రోడ్డు, మట్టి రోడ్డు, పడవలు తిరిగే జలమార్గం, చివరికి కాలిబాట దాకా ప్రతిదానికీ ఇదే పద్ధతి. ఎక్కుడు దిగుళ్ళు చెప్పడానికి అందులో గడి లేదు. అందుకని మీరు మీ పత్రంలో కిలోమీటర్లతో పాటు నడక సమయాన్నీ, దాటవలసిన వాగులనూ, ఏ నెలల్లో దారి మూసుకుపోతుందో అదీ తప్పక రాయండి.

తండా ఆడపడుచు

మాస్టారూ, మీరు చెప్పిన శివారు పల్లె సంగతి మాకు బాగా అనుభవం. మాది దేవరకొండ వైపు ఒక తండా. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలనూ గూడేలనూ పంచాయతీలుగా చేశారు. మా తండాకు సర్పంచి ఉంది, పంచాయతీ కార్యాలయం ఉంది. కానీ 2011 జనగణనలో మా పేరుతో ఒక్క అంకె కూడా లేదు, అంతా పాత ఊరి లెక్కలోనే కలిసి ఉంది. మా ఊరికి ఎంత జనాభా అని ఎవరైనా అడిగితే ఓటర్ల జాబితా చూసి చెప్పుకుంటున్నాము, పిల్లలు దానిలో రారు కదా. పాత ఊరిలో బస్టాపు ఉంది గనుక ప్రభుత్వ పట్టికలో మా తండాకూ బస్సు ఉన్నట్టే. ఆ బస్టాపు నుంచి మా తండాకు దారిలో నీడనిచ్చే చెట్టు ఒక్కటి లేదు. ఉన్నత పాఠశాలకు వెళ్ళే ఆడపిల్లలు ఆ దారినే పొద్దునా సాయంత్రమూ నడుస్తున్నారు.

విశ్రాంత గణకుడు

అమ్మా, మీరు చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. పాలన హద్దులు మారినంత త్వరగా గణాంకాల హద్దులు మారవు. రాబోయే జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ అని 2025 జూన్ 16న కేంద్రం ప్రకటించింది. దానికోసం పాలన హద్దుల మార్పులను 2025 డిసెంబరు 31తో నిలిపివేశారు. ఆ లెక్కలు వెలువడేవరకు దేశంలో ఏ ఊరి జనాభా చెప్పాలన్నా అధికారికంగా 2011 అంకె తప్ప మరొకటి లేదు. అందుకే ఊరి జనాభా రాసేటప్పుడు అంకె పక్కనే సంవత్సరాన్ని రాయడం మరిచిపోకూడదు. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉన్నత పాఠశాల చదువు ముగించే వయసుకు వచ్చారు.

మట్టి రోడ్డు నుంచి తారు రోడ్డు

పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసి విరమించాను. కొండవాగు గారి ప్రశ్నలోని అసలు కీలకం జనాభాకూ రోడ్డుకూ ఉన్న ముడిలో ఉంది, కాబట్టి దానిని కొంచెం విడమరచి చెబుతాను.

2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైనప్పుడు పెట్టుకున్న నియమం ఇది: మైదాన ప్రాంతాల్లో 500, కొండ రాష్ట్రాల్లోనూ ఎడారి ప్రాంతాల్లోనూ రాజ్యాంగం అయిదవ షెడ్యూలు కింద ఉన్న గిరిజన ప్రాంతాల్లోనూ 250, అంతకు మించి జనాభా ఉన్న ఆవాసాలకు అన్ని కాలాల్లో పనికివచ్చే రోడ్డు వేయాలి. ఇక్కడ లెక్క ఆవాసానిది, రెవెన్యూ గ్రామానిది కాదు. జనాభాకు 2001 జనగణనను ఆధారంగా తీసుకున్నారు. 2024లో ఆమోదించిన నాలుగవ దశలో ఆధారం 2011 జనగణన. ఇందులో కొన్ని ప్రత్యేక వర్గాల ప్రాంతాలకు 250, తీవ్రవాద ప్రభావిత జిల్లాలకు 100 అని పరిమితి పెట్టారు. దీనికి తోడు 2023 నవంబరు 15న ప్రారంభించిన పీఎం జన్‌మన్ పథకంలో, ప్రత్యేకంగా బలహీనమైన ఆదిమ తెగల ఆవాసాలకు 100 జనాభా ఉంటే చాలు. మీ ఊళ్ళో ఖోండ్, గదబ, పోర్జ తెగల్లో ఆ జాబితా కిందికి వచ్చే కుటుంబాలు ఎన్ని ఉన్నాయో తెగవారీగా విడిగా రాయండి. ఊరు మొత్తానికి ఒకే అంకె రాస్తే ఈ దారి మూసుకుపోతుంది.

రెండు సూక్ష్మాలు ఉన్నాయి, చాలామంది వీటిని గమనించరు. మొదటిది మీకు మేలు చేసేది: మైదానంలో 500 మీటర్ల వ్యాసార్ధంలోనూ, కొండల్లో 1.5 కిలోమీటర్ల నడకదారి లోపలా ఉన్న ఆవాసాల జనాభాను కలిపి ఒకటిగా లెక్కించవచ్చు. మీ పక్క గూడెం ఆ దూరంలో ఉంటే రెండింటి జనాభా కలుస్తుంది. రెండవది మీకు అడ్డుపడేది: అదే 1.5 కిలోమీటర్ల లోపు ఇప్పటికే ఒక రోడ్డుగానీ, రోడ్డు ఉన్న ఊరుగానీ ఉంటే మీ గూడేన్ని రోడ్డు ఉన్నదానిగానే పరిగణిస్తారు. ఆ కిలోమీటరున్నర నిట్టనిలువు బండరాళ్ళ దారి అయినా లెక్క మారదు. కాబట్టి దూరం కొలిచేటప్పుడు గాలిలో గీత గీసి చెప్పే దూరం రాయకండి, కాలిబాట మలుపులన్నీ కలుపుకొని కొలవండి. ఫోనులో దారి నమోదు చేసుకునే వెసులుబాటు ఇప్పుడు అందరికీ ఉంది.

పట్నవాసి

నేను పుట్టింది పల్లెలోనే గానీ పెరిగింది నగరంలో. ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేకుండా ఒక ప్రశ్న అడుగుతున్నాను. ఇంజనీరు గారు చెప్పిన నాలుగవ దశకు 62,500 కిలోమీటర్లకు 70,125 కోట్ల రూపాయలు కేటాయించారు. అంటే వంతెనలతో కలిపి కిలోమీటరుకు దాదాపు కోటీ పన్నెండు లక్షలు. ఇదే లెక్కన నూట యాభై మంది ఉన్న గూడేనికి నాలుగు కిలోమీటర్ల రోడ్డు వేస్తే తలకు మూడు లక్షలు అవుతుంది. అదే సొమ్ముతో ఆ కుటుంబాలకు రోడ్డు పక్కన ఇళ్ళు కట్టించి ఇస్తే పాఠశాల, ఆసుపత్రి, బస్సు అన్నీ ఒకేసారి అందుతాయి కదా? ఈ ఆలోచనలో లోపం ఎక్కడుందో తెలిసినవారు చెప్పండి.

కొండవాగు

పట్నవాసి గారూ, మీరు గౌరవంగానే అడిగారు కనుక నేనూ అలాగే చెబుతాను. మాకు ఇల్లంటే పైకప్పు ఒక్కటే కాదు. కాఫీ తోటా, దానికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లూ, వాటికి పాకిన మిరియపు తీగలూ, పసుపు చెక్కలూ, రాగులు చల్లుకునే మెట్టా అన్నీ ఈ కొండవాలులోనే ఉన్నాయి. ఇళ్ళు దిగువకు మారిస్తే రోజూ పైకి నడవాలి, లేదా ఆ భూమిని వదులుకుని కూలికి పోవాలి. నిలబెట్టుకోగల బతుకును వదిలేసి కొత్తగా బీదలం కావలసి వస్తుంది.

రోడ్డు లేకపోవడానికి అయ్యే ఖర్చు ఎవరూ లెక్కగట్టరు. మాకు రేషను సరుకులిచ్చే డి.ఆర్. డిపో దిగువ ఊళ్ళో ఉంది. నెలకోసారి బియ్యం కావడి మీద గానీ నెత్తి మీద గానీ పైకి చేరాలి, ముసలివాళ్ళు ఒంటరిగా ఉన్న ఇంటికి పొరుగువారు మోసుకొస్తారు. సంతకు తీసుకెళ్ళిన పసుపును మళ్ళీ కొండెక్కించలేమని కొనేవాడికి తెలుసు, అందుకే మధ్యాహ్నం దాటేసరికి వాడు చెప్పిందే ధర. ఇక డోలీ సంగతి పేపర్లలో చదివే ఉంటారు. పొడవాటి కర్రకు దుప్పటి రెండు కొసలూ కట్టి, లోపల మనిషిని పడుకోబెట్టి, ముందొకరూ వెనకొకరూ భుజాన ఎత్తుకుంటారు, మరో ఇద్దరు పక్కన నడుస్తూ భుజం మార్చుకుంటారు. దిగుడులో వెనకవాడు కర్రను పైకెత్తి పట్టుకోకపోతే గర్భిణి తల కిందికి జారుతుంది. ఈ మెళకువ మా ఊళ్ళో పదిహేనేళ్ళ కుర్రాడికి కూడా తెలుసు, వాడికి తెలియవలసిన అవసరం లేని రోజు రావాలని మా కోరిక.

ఇంకొక మాట. మీరు వేసిన భాగహారంలో ఆ రోడ్డుకు మా గూడెం ఒక్కటే ఉంది. అది పైకి వస్తే దారిలో ఉన్న గూడేలన్నీ దాని మీదనే నడుస్తాయి.

మట్టి రోడ్డు నుంచి తారు రోడ్డు

ఆ చివరి మాటను నేను సాంకేతికంగా బలపరుస్తాను. కొండ ప్రాంతంలో ఆవాసాలు తీగకు కాసిన కాయల్లా ఒకదాని తరువాత ఒకటి ఉంటాయి. అర్జీలో మీ ఊరి పేరు మాత్రమే కాక, రోడ్డు మొదలయ్యే చోటు నుంచి వరుసగా తగిలే ప్రతి ఆవాసం పేరు, ఇళ్ళు, జనాభా, ఒకదానికొకటి మధ్య నడకదూరం ఒక పట్టికగా ఇవ్వండి. అప్పుడు పట్నవాసి గారి భాగహారంలో హారం పెరుగుతుంది. కార్యాలయంలో కూర్చున్నవారు కూడా ఆ భాగహారమే చేస్తారు, కాబట్టి ఆయన ప్రశ్న మంచి ప్రశ్న.

కోసిగి వాసి

జనాభా విషయంలో మా కర్నూలు జిల్లా పడమటి మండలాల వైపు నుంచి ఒక సంగతి చేర్చాలి. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు పల్లెల్లో వానలు సరిగా పడని ఏడాది ఖరీఫు పంట చేతికి రాకపోతే ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళిపోతారు. జనవరి నుంచి మార్చి దాకా ఊళ్ళో ముసలివాళ్ళు, వాళ్ళకు అప్పగించిన పసిపిల్లలు తప్ప ఎవరూ ఉండరు. తల్లిదండ్రుల వెంట వెళ్ళిన పిల్లల చదువు ఆగిపోతుంది. లారీల్లో, బొలెరోల్లో బియ్యం మూటలు, వంటపాత్రలు, మేకపిల్లలతో సహా కుటుంబాలు ఎక్కి పోవడం మా రోడ్ల మీద ప్రతి ఏడూ చూసే దృశ్యమే.

జనగణన జరిగేది సరిగ్గా ఆ ఫిబ్రవరిలోనే. మాస్టారు గారు దీనికి ఏమంటారో తెలుసుకోవాలని ఉంది. ఆ నెలల్లో మా ఊరి జనాభాను ఊళ్ళో వెతకాలా, పల్నాటి మిరప చేలలో వెతకాలా?

విశ్రాంత గణకుడు

2011లో గణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది, ఆ తరువాత మార్చి 1 నుంచి 5 దాకా మళ్ళీ తిరిగి పుట్టినవారినీ పోయినవారినీ సరిచూశాము. సాధారణంగా ఆ ఇంట ఉండే మనిషి ఆ ఇరవై రోజుల్లో ఒక్కరోజైనా ఇంట ఉంటే అక్కడే లెక్క. ఆ కాలమంతా వేరేచోట ఉన్నవారిని ఎక్కడుంటే అక్కడ లెక్కించాలి. అంటే నిబంధన ప్రకారం మిరపకోతలకు పోయిన కుటుంబం గుంటూరు వైపు గ్రామంలో నమోదు కావాలి. చేను గట్టున టార్పాలిను కప్పుకుని ఉన్నవారి దగ్గరికి గణకుడు చేరితే సరే, చేరకపోతే ఆ మనుషులు రెండు చోట్లా లేనట్టే. సొంత ఊరికి మాత్రం రెండు విధాలా నష్టమే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ ఊళ్ళో నీళ్ళు తాగేవారు, రేషను తీసుకునేవారు, బస్సు ఎక్కేవారు ఆ అంకెలో కనిపించరు. వలస గ్రామాల పంచాయతీలు ఈసారి తాళం వేసిన ఇళ్ళ జాబితాను ముందే తయారుచేసి, వెళ్ళినవారు ఏ మండలంలో ఉన్నారో రాసుకుని, గణకులకు అందజేస్తే చాలా మేలు జరుగుతుంది.

పల్లెవెలుగు

ఆర్టీసీ డిపోలో కంట్రోలరుగా చేసి విరమించాను. ఇప్పటిదాకా రోడ్డు గురించే నడిచింది. రోడ్డు పడిన మాత్రాన బస్సు రాదన్న సంగతి కూడా కొండవాగు గారి పత్రంలో ఉండాలి.

గ్రామ సడక్ రోడ్డు మీద తారు పడే వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు, రద్దీ తక్కువగా ఉండే చోట 3 మీటర్లు. బస్సు వెడల్పే రెండున్నర మీటర్లు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఒకటి మట్టి అంచులోకి దిగాలి. కొండ రోడ్డులో ఆ అంచు ఎక్కడుంది? అందుకని మధ్య మధ్య తప్పుకునే చోట్లు, చివరి ఊళ్ళో బండి మళ్ళించుకునే జాగా, మలుపులో కొమ్మలు తగలని ఖాళీ ఉండాలి. రోడ్డు అంచనాలు వేసేటప్పుడే వీటిని అడగండి, తరువాత అడిగితే స్థలం ఉండదు. చివరి ఊళ్ళో బండి మళ్ళే చోటు లేక కిలోమీటరు ముందే ప్రయాణికులను దింపేసి వెనక్కి తిప్పుకున్న రూట్లు నాకు తెలుసు.

రెండవది రాబడి. డిపోలో ప్రతి రూటుకూ కిలోమీటరుకు ఎంత వస్తున్నది, సీట్లు ఎంత శాతం నిండుతున్నవి అని చూస్తారు. చిన్న ఊరికి వెళ్ళే బండి ఒకవైపు నిండుగా, రెండవవైపు ఖాళీగా నడుస్తుంది కాబట్టి ఎప్పుడూ పట్టికలో అడుగునే ఉంటుంది. బండ్ల కొరత వచ్చినప్పుడు మొదట కోత పడేది దానికే. పోయిన ట్రిప్పు స్థానంలో షేరు ఆటోలు వస్తాయి, ఆటోలకు జనం అలవాటుపడ్డాక బస్సును తిరిగి వేసినా మొదటి నెలల్లో ఎక్కరు, దానితో మళ్ళీ తీసేస్తారు.

నా అనుభవంలో చిన్న ఊరికి అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది రాత్రి అక్కడే ఆగే నైట్ హాల్ట్ బస్సు. సాయంత్రం పట్నంలో పని ముగించుకున్నవారిని ఊరు చేర్చి, డ్రైవరూ కండక్టరూ పంచాయతీ గదిలోనో బడి వరండాలోనో పడుకుని, తెల్లవారుజామున మొదటి ట్రిప్పుగా బయలుదేరుతారు. పాల క్యాన్లు, కూరగాయల గంపలు, డ్యూటీకి వెళ్ళేవారు, కాలేజీ పిల్లలు అందరూ ఆ ఒక్క బండిలోనే. రాత్రి ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఊళ్ళో ఒక పెద్ద వాహనం ఉందన్న ధైర్యం కూడా ఉంటుంది. నైట్ హాల్ట్ కావాలంటే సిబ్బందికి తలుపున్న గది, మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఊరివాళ్ళు చూపించాలి. అవి చూపించిన ఊళ్ళకు సిబ్బంది ఇష్టంగా వెళ్ళారు.

తండా ఆడపడుచు

అన్నా, రాబడి లెక్కలో ఇప్పుడొక మార్పు వచ్చింది కదా. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి కింద ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఇచ్చారు. మా వైపు బస్సుల్లో నిలబడే చోటు కూడా దొరకడం లేదు. ఆ రద్దీ చూసి డిపోలు పెద్ద రూట్లకే బండ్లు పెంచుతాయేమోనని మా భయం. బస్సు వచ్చే ఊరి ఆడకూతురు ఉచితంగా పట్నానికి పోయి వస్తుంటే, బస్సు రాని ఊరి ఆడకూతురు అదే పనికి ఆటోకు రానూ పోనూ డబ్బులు పెట్టుకుంటున్నది. ఒకే ప్రభుత్వం, ఒకే పథకం, మధ్యలో తేడా ఆ మూడు కిలోమీటర్ల రోడ్డే. ఊరి వివరాలు రాసేటప్పుడు ఏ ఊరి నుంచి ఎంతమంది ఆడవాళ్ళు రోజూ ఆటోలో బస్టాపుకు వస్తున్నారో కూడా రాయాలని నా సూచన.

పల్లెవెలుగు

చాలా మంచి సూచన అమ్మా. ఉచిత ప్రయాణికులకు కూడా సున్నా టికెట్టు కొడతారు కనుక ఎక్కినవారి సంఖ్య డిపోకు తెలుస్తుంది. ఎక్కలేకపోయినవారి సంఖ్యే తెలియదు. అది ఊరివాళ్ళు రాసి ఇస్తేనే డిపో మేనేజరు ముందుకు వస్తుంది.

గ్రామసభ

షెడ్యూల్డు ప్రాంతాల చట్టాల మీద పనిచేస్తున్నాను. ఇంజనీరు గారి మాటకు కొనసాగింపుగా అటవీ అనుమతి గురించి చెప్పాలి, ఎందుకంటే మన్యంలో మంజూరైన రోడ్లు చాలావరకు ఆగేది ఇక్కడే.

2006 అటవీ హక్కుల చట్టం మూడవ సెక్షన్ రెండవ ఉపవిభాగం ప్రకారం రోడ్డు, బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులైను వంటి 13 రకాల సౌకర్యాలకు అటవీ భూమిని మళ్ళించవచ్చు. షరతులు మూడు: ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఆరు మీటర్ల వెడల్పున నేల తీసుకుంటే ఒక హెక్టారుకు సుమారు 1,660 మీటర్ల పొడవు వస్తుంది. మీ దారిలో నిజంగా అడవిలోంచి పోయే ముక్క అంతకంటే తక్కువైతే ఈ దారి మీకు పనికివస్తుంది. పైగా ఆ ముక్క ఎంతో తెలియాలంటే ఏది పట్టా భూమి, ఏది అటవీ హక్కు పత్రం ఉన్న భూమి, ఏది రిజర్వు అడవి అని దారి పొడవునా రాసుకుని ఉండాలి.

గ్రామసభ విషయంలో, పంచాయతీల ఏర్పాటును షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించిన 1996 పెసా చట్టం మీకు బలం. ఆ చట్టంలో గ్రామమంటే తన సంప్రదాయాల ప్రకారం తన వ్యవహారాలు తాను చూసుకునే సమాజం నివసించే ఆవాసం లేదా ఆవాసాల సమూహం, అది ఒక గూడెం కూడా కావచ్చు. మీ ఓటర్ల జాబితాలో ఉన్నవారంతా కూర్చునే సభే గ్రామసభ. అందులో జనాభా, ఇళ్ళు, దూరాలు చదివి వినిపించి, తీర్మానంగా రాసి, సంతకాలూ వేలిముద్రలూ తీసుకుంటే, ఆ కాగితానికి మీ సొంత లెక్కకు లేని విలువ వస్తుంది.

పట్నవాసి

వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒకటి అడుగుతాను. రోడ్డు పడ్డాక యువకులు ఊరు వదిలి వెళ్ళడం పెరుగుతుందా, తగ్గుతుందా?

మట్టి రోడ్డు నుంచి తారు రోడ్డు

రెండూ చూశాను. దగ్గరలో పని దొరికే పట్నం ఉంటే రోడ్డు పడ్డాక ఊళ్ళోనే ఉండి రోజూ వెళ్ళి వచ్చేవారు పెరుగుతారు. దూరపు పనులే దిక్కయిన చోట వెళ్ళడం సులువవుతుంది గానీ పండక్కీ, నాట్లకీ తిరిగి రావడమూ సులువవుతుంది. అనంతగిరి, అరకు వైపు ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు, శృంగవరపుకోట మీదుగా విజయనగరం చేరే 516ఇ జాతీయ రహదారి ఉంది. దానికి కలిసే చిన్న రోడ్లు ఉన్న గూడేలకూ లేని గూడేలకూ పంట అమ్ముకోవడంలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కొండవాగు

పెద్దలందరికీ మా ఊరి తరఫున నమస్కారాలు. మీరు చెప్పిన ప్రకారం పత్రాన్ని ఇలా మార్చి రాస్తున్నాము, లోపాలు ఉంటే చెప్పండి.

జనాభా దగ్గర 2011 జనగణన అంకెను సంవత్సరంతో సహా రాసి, దాని కింద గ్రామసభలో ఇంటింటి పేర్లతో చదివి ఆమోదించిన ఇప్పటి లెక్కను తేదీతో రాస్తాము. తెగవారీగా కుటుంబాలు విడిగా ఉంటాయి. పనికోసం ఏడాదిలో కొన్ని నెలలు బయట ఉండేవారిని వేరే వరుసలో చూపిస్తాము. మా పక్క గూడెం పెద్దలతో మాట్లాడాము, మా రెండు ఊళ్ళ మధ్య కాలిబాటను కలిసి కొలవడానికి వారు ఒప్పుకున్నారు. అది 1.5 కిలోమీటర్ల లోపు వస్తే ఇద్దరం ఒకే అర్జీ పెడతాము.

రాకపోకల దగ్గర రోడ్డు చివర నుంచి మా ఊరి వరకు దారిని నాలుగు ముక్కలుగా రాస్తున్నాము: జీపు వచ్చే మట్టి రోడ్డు, వాగు, ఎక్కుడు, చదును. ప్రతి ముక్కకూ పొడవు, ఒంటిగా నడిచేవారికి పట్టే సమయం, బరువుతో నడిచేవారికి పట్టే సమయం, వానాకాలంలో పరిస్థితి, ఆ నేల పట్టాదా అడవిదా అన్నది ఉంటుంది. బండి మళ్ళించుకునే జాగాకు మా ఊరి మొదట్లో ఉన్న చింతల కింది చదునును ఇవ్వడానికి దాని హక్కుదారులైన రెండు కుటుంబాలు సరేనన్నాయి, ఆ మాటను కూడా తీర్మానంలో రాయిస్తాము.

ఇంజనీరు గారూ, ఒక సందేహం మిగిలింది. వాగు మీద వంతెనను రోడ్డు అర్జీలోనే కలిపి అడగాలా, విడిగా అడగాలా?

మట్టి రోడ్డు నుంచి తారు రోడ్డు

కలిపే అడగండి. వాగు దాటకపోతే అది అన్ని కాలాల్లో పనికివచ్చే రోడ్డు కాదు, పథకం ఉద్దేశమే అది కదా. వాగు వెడల్పు గట్టు నుంచి గట్టుకు కొలిచి, వరద వచ్చినప్పుడు నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో రెండు వైపులా చెట్ల మీద ఉండే ఒండ్రు గుర్తులను ఫొటో తీసి జతచేయండి. సర్వేకు వచ్చేవారు ఎండాకాలంలో వస్తారు, అప్పుడు ఆ వాగులో పాదం తడవదు.